మోటరు సంగతి ఎవరూ అడగలేదు

సూడాన్ నుంచి తిరిగి వచ్చిన నాలుగు నెలల్లో సర్ఫరాజ్‌ను నలభై మూడు ప్రశ్నలు అడిగారు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, పెద్ద చప్పుడు వినిపిస్తే ఒళ్ళు వణుకుతోందా, బతుకు మీద విసుగు పుడుతోందా, పుడితే వారంలో ఎన్నిసార్లు. ప్రతి ప్రశ్న కిందా ఫోను తెర మీద ఐదు గుండ్రటి ముఖాలు వరుసగా ఉంటాయి. మొదటిది ఏడుస్తూ, చివరిది పళ్ళికిలిస్తూ. తనకు నప్పిన ముఖాన్ని వేలితో నొక్కాలి. మనిషి లోపల ఏముందో తెలుసుకోవడానికి ఇంతకన్నా సోమరి పద్ధతిని ఏ నాగరికతా కనిపెట్టి ఉండదు. కల్లు దుకాణం ముందు కూచున్న తాగుబోతు సైతం ఎదుటివాణ్ణి "ఏమైందిరా?" అని అడుగుతాడు. జవాబు వినకపోవచ్చు గాని, జవాబును ముందే ఐదు ముక్కలు చేసి చేతికివ్వడు.

సర్ఫరాజ్‌ది షామీర్‌పేటకు ఉత్తరాన ఒక పల్లె. తండ్రి వహాబ్ ద్రాక్షతోటల్లో నీళ్ళు పారించే జీతగాడు. తోటలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో విల్లాలు లేచాయి, విల్లాల కింద నేల బోర్లతో జల్లెడైంది. తండ్రి తీగలకు నీళ్ళు పెట్టిన మట్టిలోనే కొడుకు పందొమ్మిదో ఏట బోరు మోటర్లు దించడం, చెడినవాటిని పైకి లాగడం మొదలుపెట్టాడు. పని నేర్పినవాడు బాలమల్లు, అదే ఊరివాడు, అతనికన్నా ఏడేళ్ళు పెద్ద. మేడ్చల్ నుంచి గాజులరామారం దాకా వాళ్ళిద్దరూ దించిన మోటర్లకు అంతు లేదు.

ఆ పనిలో ఒక నియమం ఉంది. లోతు తక్కువ బోర్లలో మోటరును చేతి బలంతోనే దించుతారు. బోరు మీద మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి, మోటరుకు కట్టిన తాడును ఆ స్టాండు కాలికి రెండు చుట్లు తిప్పి ఒకడు పట్టుకుంటాడు. కొంచెం కొంచెంగా వదులుతూ దించుతాడు. రెండోవాడు బోరు మూతి దగ్గర కూచుని, మోటరు తగిన లోతుకు చేరగానే పైపుకు ఇనుప క్లాంపు బిగిస్తాడు. బిగించాక "కట్టిన" అంటాడు. నేను కట్టాను, ఇక నీ పట్టు అక్కరలేదు అని దాని అర్థం. ఆ మాట చెవిన పడేదాకా తాడు పట్టినవాడు వదలకూడదు. తేలు కుట్టినా వదలకూడదు. మోటరు జారి పడితే మోటరుతో పాటు బోరూ పోతుంది, ఆ బోరును నమ్ముకున్న ఇళ్ళన్నీ ఎండుతాయి. ఈ నియమాన్ని బాలమల్లుకు తండ్రి చెంపదెబ్బతో నేర్పాడు. బాలమల్లు సర్ఫరాజ్‌కు తిట్లతో నేర్పాడు.

ముప్పై ఎనిమిదో ఏట సర్ఫరాజ్ ఒక విదేశీ సహాయ సంస్థ తరఫున సూడాన్ పడమటి మూలకు వెళ్ళాడు. యుద్ధం ఊళ్ళను తరిమేసిన చోట గుడారాల శిబిరం వెలిసింది. అక్కడి బోర్లకు మోటర్లు దించడం అతని పని. భార్య తాహెరా ఎందుకని నిలదీస్తే అతను చెప్పింది ఒకటే మాట.

"ఈడ ఈతకొలను నింపెతందుకు మోటరు దించుతున్న. ఆడ తాగెతందుకే నీళ్ళు లెవ్వంట."

దీన్ని త్యాగం అనడం తొందరపాటు. చేసే పని మీద ఏవగింపు పుట్టిన పనివాడు ఆ పనికి అర్థమున్న చోటును వెతుక్కున్నాడు, అంతే. లోకంలో చాలామంది ఆ ఏవగింపును చచ్చేదాకా గుర్తించరు గనుక అతనిది కొంచెం అరుదైన సంగతి.

అక్కడ అతనికి జత కుదిరినవాడు ఇస్‌హాక్. ఒకప్పుడు బడిపంతులు. బడి కాలిపోయాక శిబిరంలో పంపు కాపలాదారు అయ్యాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. నాలుగు అరబ్బీ మాటలు, నలభై సైగలు. సర్ఫరాజ్ అతనికి నేర్పిన ఏకైక తెలుగు మాట "కట్టిన". ఇస్‌హాక్ నోట్లో అది "కత్తినా" అయ్యేది. క్లాంపు బిగించి తలెత్తి, పిల్లలకు ఎక్కం అప్పజెప్పినంత గంభీరంగా అనేవాడు.

రెండో ఏడు ఒకనాటి పొద్దున శిబిరంలో మూడో నంబరు బోరుకు మోటరు దించుతున్నారు. ఆ వైపు గుడారాలన్నిటికీ మిగిలింది అదొక్కటే. మొదటి ఫిరంగి గుండు దూరంగా అంగడి మీద పడింది. రెండోది వీళ్ళకు దగ్గరలో పేలింది. దుమ్ము తగ్గాక చూస్తే ఇస్‌హాక్ బోరు మూతి దగ్గర లేడు. పది అడుగుల దూరంలో పడి ఉన్నాడు. క్లాంపు ఇంకా బిగించలేదు. మోటరు నూట ఇరవై అడుగుల లోతున వేలాడుతోంది, తాడు సర్ఫరాజ్ చేతిలో ఉంది. మిగిలిన జనం పారిపోయారు. ఇస్‌హాక్ చెయ్యి ఒకసారి కదిలింది.

సర్ఫరాజ్ తాడు వదలలేదు.

సుమారు గంటసేపు వదలలేదని తరువాత ఎవరో చెప్పారు. ఆ గంటలో ఎప్పుడో ఇస్‌హాక్ ప్రాణం పోయింది. చివరికి ఎవరో వచ్చి సర్ఫరాజ్ వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పారు, ఇంకెవరో అతన్ని బండిలో పడేశారు. మరునాటికి దేశం దాటించారు. ఒక మనిషినా, వేల మంది నీళ్ళనా అన్న చిక్కును పండితులు శతాబ్దాలుగా చర్చిస్తున్నారు. చర్చించేటప్పుడు వాళ్ళ చేతుల్లో టీ కప్పులుంటాయి. సర్ఫరాజ్ చర్చించలేదు. ఎన్నుకోనూ లేదు. ఇరవై ఏళ్ళ అలవాటు అతని తరఫున ఎన్నుకుంది, ఫలితాన్ని మాత్రం అతనికి అప్పగించింది.

ఇంటికి వచ్చిన వారానికి మచ్చ బొల్లారంలో ఒక ఇంటి మోటరు దించడానికి బాలమల్లుతో పోయాడు. దించారు. బాలమల్లు క్లాంపు బిగించి "కట్టిన" అన్నాడు. తాడు వదులు కాలేదు.

"భాయ్, కట్టిన. కట్టినంటున్న! సెవులు గిట్ల సూడాన్‌ల ఇడిసొచ్చినవా? ఇడువ్!"

సర్ఫరాజ్ వదలలేకపోయాడు. బాలమల్లే లేచి వచ్చి వేళ్ళు విప్పాల్సి వచ్చింది. అరచేతుల చర్మం తాడుకు అంటుకొని వచ్చింది. రెండో చోటా ఇంతే. మూడో చోట తాడును ఎదురు లాగి బిగించిన క్లాంపునే ఊడగొట్టబోయాడు. తాడు వదిలేసేవాడు ఎంత ప్రమాదమో, వదలనివాడూ అంతే ప్రమాదం. ఆ పని తప్ప అతనికి మరో పని రాదు. చేతులు తిరిగి మామూలైతేనే అతను మళ్ళీ ఒక పనివాడు. లేకపోతే ఊరికి 'సూడాన్ సర్ఫరాజ్'. సాయంత్రాలు వాకిట్లోకి వచ్చి యుద్ధం ముచ్చట్లు అడిగేవాళ్ళకు ఒక వింత. ఆ వచ్చేవాళ్ళలో ఒకడు, "ఆడ బంగారం గనులుంటయట గద, సూసినవా?" అని ప్రతిరోజూ అడిగేవాడు. ఈ దేశంలో సానుభూతికి ఆయుర్దాయం మూడు రోజులు. ఆ పైన మిగిలేది కాలక్షేపం.

సంస్థకు తన బాధ్యత తెలుసు. అంటే, బాధ్యతను ఎవరికి అప్పగించాలో తెలుసు. యుద్ధాల నుంచి తిరిగి వచ్చిన సహాయ కార్యకర్తల మానసిక క్షేమాన్ని హైదరాబాదులో ఒక కేంద్రానికి కాంట్రాక్టుకిచ్చింది. ఫోనులో ఆ ప్రశ్నలు పంపేది ఆ కేంద్రమే. దాని అధిపతి చక్రపాణి. ముప్పై ఏళ్ళు రంగుల కంపెనీలో అమ్మకందార్లకు ఉత్సాహం నూరిపోసి, రిటైరై షామీర్‌పేట దగ్గర గేటున్న కాలనీలో స్థిరపడ్డాడు. గోడలకు రంగు వేయించిన చేత్తోనే మనసులకు వేయించడం మొదలుపెట్టాడు. పద్ధతి మారలేదు. లోపలి చెమ్మ జోలికి పోకుండా పైపూత. చెరువు పక్కన ఒక రిసార్టులో రెండు రోజుల శిబిరం పెట్టి, చివర ప్రతి ఒక్కరికీ 'యోగ్యుడు', 'అయోగ్యుడు' అని కాగితం ఇస్తాడు.

ఆ శిబిరానికి పదకొండు మంది వచ్చారు. నర్సులు, గోదాము కాపలాదార్లు, డ్రైవర్లు. తువ్వాళ్ళను హంసల ఆకారంలో మడిచిన గదుల్లో వాళ్ళను దించారు. చక్రపాణి నార కుర్తా వేసుకొని, చేతులు జోడించి ఒక్కొక్కరినీ పలకరించాడు. పక్కన హర్షిత అనే ఉద్యోగిని కూచుని పేర్లు రాసుకుంటోంది. అల్వాల్‌లో ఉంటుంది, మనస్తత్వశాస్త్రం చదివింది. అక్కడ ఆ చదువుతో ఆమెకు అప్పగించిన పని హాజరు పట్టిక.

"చూడండి సర్ఫరాజ్ గారూ, మీ మనసులో బరువుంది. అది నాకు కనిపిస్తోంది. ఒకటి నుంచి పది దాకా చెప్పండి, ఎంత?"

"అడుగులల్ల అడిగితే జెప్త సార్. నూట ఇరవై."

అందరూ నవ్వారు. చక్రపాణి కూడా నవ్వి, పుస్తకంలో 'పది' అని వేసుకున్నాడు.

రెండో రోజు పొద్దున పచ్చిక మీద ఒక ఇనుప మూకుడులో నిప్పు రాజేశారు. అందరికీ తలొక కాగితం ఇచ్చారు. తమను బాధిస్తున్నదాన్ని ఒకే మాటలో రాసి నిప్పులో వేయాలి. వేస్తే తేలికైపోతారట. కొందరు 'భయం' అని, కొందరు 'కోపం' అని రాసి వేశారు. వెనకనుంచి పిల్లనగ్రోవి రికార్డు మోగుతోంది. సర్ఫరాజ్ ఉర్దూలో ఒక మాట రాసి నిలబడ్డాడు.

"ఊఁ, వేయండి."

"ఇది కాలవెట్టెడిది గాదు సార్."

"ఏం రాశారు? అపరాధ భావమా?"

"మనిషి పేరు."

"అదే కదండీ! ఆ పేరునే మీరు వదిలించుకోవాలి."

"పేరేం జేసింది సార్? పేరు మంచిగనే ఉన్నది గద."

"మీరు ప్రతిఘటిస్తున్నారు. సహజం. గట్టిగా ఊపిరి పీల్చుకోండి, పీల్చుకొని..."

"ఇస్‌హాక్ అని రాసిన సార్. పైగంబరు పేరది, ప్రవక్త పేరు. గసొంటి పేరున్న కాయితం మా ఇండ్లల్ల కాలవెట్టం, తొక్కుల వడనియ్యం. జమజేసి మజీదు కాడి డబ్బల ఏస్తం. దాన్ని మంట్ల ఎయ్యమంటే నా చెయ్యి రాదు."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మాటలు విన్న ఒక నర్సు, మరొక డ్రైవరు తమ కాగితాలను కూడా చప్పుడు చేయకుండా దాచుకున్నారు. రెండు రోజుల శిబిరంలో మనుషుల మధ్య నడిచిన ఏకైక వ్యవహారం అదే. కార్యక్రమ వివరాల్లో అది లేదు.

తీర్పు వారంలో వచ్చింది. 'విముక్తికి నిరాకరణ. మతపరమైన ప్రతిఘటన. విధులకు అయోగ్యుడు.' ఒకరి పేరును కాల్చనన్నవాడు రోగి, కాల్చినవాళ్ళు స్వస్థులు. చక్రపాణి దుర్మార్గుడని అనలేం. దుర్మార్గానికి ఎదుటివాడి మీద కొంత శ్రద్ధ కావాలి.

ఆ కాగితం వచ్చిన మధ్యాహ్నం బాలమల్లు సర్ఫరాజ్ ఇంటికి వచ్చాడు. వాకిట్లో మంచం మీద కూచున్నాడు. తాహెరా చాయ్ ఇచ్చి, రిసార్టు శిబిరం ముచ్చటంతా చెప్పింది. పేలుడు, తాడు, ఇస్‌హాక్ సంగతి కూడా మొదటిసారి మొత్తంగా చెప్పింది. సర్ఫరాజ్ గోడకు ఆనుకొని వింటున్నాడు.

బాలమల్లు చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"గదంత ఇన్న. నాకొక్కటి జెప్పు భాయ్. గా మోటరేమైంది?"

తాహెరా మండిపడింది. "ఏంది మల్లన్నా, ఆడ మనిషి సచ్చిండంటే నీకు మోటరు పరేషానీనా?"

"మనిషి సచ్చిండు చెల్లె, దెల్సు. దేని కొరకు సచ్చిండో అడుగుతున్న. వడ్డదా, నిలిసిందా?"

గోడ దగ్గరినుంచి సర్ఫరాజ్ అన్నాడు. "వడ్డదే గావచ్చు."

"గావచ్చు ఏంది? వడ్డదా?"

"దెల్వది. నా ఏళ్ళు ఎవడో ఇప్పిండు. గంత దెల్సు. కట్టిన అని ఎవడు అనలే."

"నాలుగు నెలలైతాంది. పంపినోళ్ళను అడగలేదా?"

"వాళ్ళు నన్నడుగుతరు మల్లన్నా. నేను వాళ్ళను అడుగుడు యాడ ఉన్నది?" మళ్ళీ తనే అన్నాడు. "అడిగితే వడ్డదని జెప్తరేమో. వడ్డదంటే ఇగ నేను మనిషిని ఇడిసిపెట్టి దేన్ని వట్టుకున్నట్టు?"

అతను నాలుగు నెలలు మోసింది ఇది. నలభై మూడు ప్రశ్నలు దీని చుట్టూ తిరిగాయి గాని దీన్ని తాకలేదు. తాకాలంటే బోరు అంటే ఏమిటో తెలిసి ఉండాలి, లేదా తెలియదన్న సిగ్గయినా ఉండాలి. బాధపడే మనిషిని నీ మనసెలా ఉందని అడగడం సులువు. నీ చేతి కింద ఉన్న పని ఏమైందని అడగడానికి ఆ పనిని గౌరవించాలి. బాలమల్లు మహా దయాళువేమీ కాదు. కూలి దగ్గర గీచి గీచి బేరమాడేవాడు, భార్యతో రోజూ తగాదా. అతనికి మోటర్లంటే పట్టింపు, అంతే. ఆ పట్టింపు ఆ పూట దయ చేయాల్సిన పని చేసింది.

తాహెరా లోపలికి పోయి ఫోను తెచ్చింది. రిసార్టు గేటు దగ్గర హర్షిత అందరికీ ఇచ్చినట్టే ఆమె భర్తకూ తన నంబరు ఇచ్చింది. ఏదైనా అవసరమైతే చేయండి అని. ఎవరూ చేయరని ఇచ్చేవాళ్ళకు తెలుసు.

"మేడమ్, సర్ఫరాజ్ ఇంట్ల నుంచి మాట్లాడుతున్న. ఆడ మా ఆయన పట్టుకున్న మోటరు బోర్ల వడ్డదా, నిలిసిందా? గది జెప్పున్రి."

"మోటరా అండీ? అది... ఇంజనీరింగు వాళ్ళ విషయమండీ. మా విభాగం కాదు."

"మీ సారు మా ఆయన దిల్ ఇప్పి సూసిండట. గీ మోటరు కనవడలేదా?"

హర్షిత, "ఏ రోజు జరిగిందండీ?" అని అడిగింది. తారీఖు రాసుకుంది.

గంట గడిచాక ఆమే ఫోను చేసింది. సంస్థ ప్రతి మనిషి గురించీ చక్రపాణి కేంద్రానికి ఒక కట్ట పంపుతుంది. ముందు పేజీలు మనసు గురించి, వెనక పేజీలు జరిగిన సంఘటన గురించి. వెనక పేజీలను ఎవరూ తిప్పలేదు. ఆమె తిప్పింది. తాహెరా స్పీకరు పెట్టింది.

"చదువుతానండీ. 'మూడో నంబరు బోరు. ఉదయం పది గంటల పది నిమిషాలకు దాడి. పంపు కాపలాదారు ఒకరు మృతి. తాడును అందుకొని క్లాంపు బిగించినవారు యాకూబ్, మృతుని తమ్ముడు. మధ్యాహ్నం మూడున్నరకు నీటి సరఫరా మొదలు.' అంతేనండీ. ఇంకేమీ లేదు."

"ఇంకోపారి జదువు బిడ్డా," అన్నాడు సర్ఫరాజ్. "యాకూబ్ దాంక."

ఆమె మళ్ళీ చదివింది. చదివి, "ఈ కాగితం నాలుగు నెలలుగా మా బీరువాలోనే ఉందండీ," అన్నది. క్షమాపణ చెప్పబోయి ఆగిపోయింది. ఆగడమే మంచిదైంది. ఆమెను మెచ్చుకోవడానికి పెద్ద కారణం లేదు, ఆమె చేసిందల్లా ఒక పేజీ తిప్పడం. ఆ ఆఫీసులో అంతకుముందు ఎవరూ ఆ పాటి చేయలేదు, అంతవరకు ఒప్పుకోవాలి.

ఫోను పెట్టేశాక తాహెరా తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు అన్నది. "మూడున్నర అంటే అసర్ నమాజుకు ముందు. మట్టికి ముందటి జనాజా నమాజు అసర్ తోనే జేసుంటరు. వచ్చినోళ్ళంత కాళ్ళుచేతులు గడుక్కొని వజూ ఏ నీళ్ళతోని జేసిన్రంటవ్ మరి?"

సర్ఫరాజ్ జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. ఇస్‌హాక్ పేరు పక్కన పెన్సిలుతో యాకూబ్ అని రాసి మళ్ళీ మడిచి పెట్టుకున్నాడు. ఇస్‌హాక్ చెయ్యి ఒకసారి కదిలిన సంగతి మాత్రం ఏ ఆఫీసు బీరువాలోనూ లేదు. అది అతని దగ్గరే ఉంది, ఉంటుంది. దాన్ని ఎవరూ తీసివేయలేరు, తీసివేస్తామనేవాళ్ళను గేటు దగ్గరే ఆపాలి.

"రేపు ఏడ పని?" అని బాలమల్లును అడిగాడు.

సర్ఫరాజ్ మళ్ళీ పనిలో పడ్డాడని విని, నెల తిరగకముందే చక్రపాణి తన కేంద్రం పత్రికలో ఇనుప మూకుడు ఫొటో వేయించాడు. 'అగ్ని ప్రక్రియ ప్రభావం కొందరిలో ఆలస్యంగా కనిపిస్తుంది' అని కింద రాసి, సర్ఫరాజ్ ఉదంతాన్ని ఉదహరించాడు. అయోగ్యుడన్న కాగితాన్ని వెనక్కి తీసుకోలేదు. రెండు మాటలూ ఒకే సంతకంతో నిశ్చింతగా చెలామణి అవుతున్నాయి.

ఆ ఫోను వచ్చిన మరునాడు జరిగింది మాత్రం ఇది. అల్వాల్‌లో ఒక చిన్న బడి వెనక పాత బోరు. మోటరు బాగు చేయించి తెచ్చారు. బాలమల్లు ఏమీ అనకముందే సర్ఫరాజ్ వెళ్ళి తాడు అందుకొని స్టాండు కాలికి రెండు చుట్లు తిప్పాడు. మోటరు నల్లటి పైపుతో మెల్లగా దిగింది. తగిన లోతు రాగానే బాలమల్లు మోకాళ్ళ మీద కూచుని క్లాంపు పెట్టి, పానాతో నట్లు రెండూ బిగించాడు. ఒకసారి ఊపి చూశాడు.

"కట్టిన."

తాడు వదులు కాలేదు. సర్ఫరాజ్ మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. బాలమల్లు ఈసారి అరవలేదు, లేచి రానూ లేదు. పానా పట్టుకొని కూచున్నచోటనే కూచున్నాడు.

"ఎవలు గట్టిన్రు?" అన్నాడు సర్ఫరాజ్.

బాలమల్లు తలెత్తి చూశాడు.

"నేనే. బాలమల్లును. నేను కట్టిన."

స్టాండు కాలి మీద తాడు ఒక చుట్టు సడలింది. తరువాత రెండోది. తాడు కొస నేల మీద పడింది.

"రోజు గిట్ల పేరు జెప్పాల్నా ఏంది? రేపు ఆధార్ కార్డు గూడ దెమ్మంటవ్ నువ్వు."

"జెప్పాలె," అన్నాడు సర్ఫరాజ్.

అప్పటినుంచి వాళ్ళిద్దరి పనిలో నియమం కాస్త పొడవైంది. క్లాంపు బిగించినవాడు కట్టిన అని ఊరుకోడు, తన పేరు కూడా చెబుతాడు.